డిగ్రీ తర్వాత నాటకాల్లోకి: సాయంత్రాలు కాపాడుకుంటూ ఖర్చులు గట్టెక్కడం ఎలా?

"డిగ్రీ అయిపోయింది. నాటకాలు వేయాలని ఉంది. కానీ గది అద్దె ఎక్కడి నుంచి తేవాలి?" నాటకం వర్క్‌షాపు అయ్యాక పిల్లలు పక్కకు పిలిచి అడిగేది ఎక్కువగా ఇదే. నటన గురించి అడిగేవాళ్లు ఇంత మంది ఉండరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, చేయాల్సిన క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాద్‌ను మనసులో పెట్టుకుని రాసింది ఇది. గుంటూరు, తెనాలి, విజయవాడ, విశాఖ వైపు తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాను. సినిమా ఛాన్సు కోసం నాటకం వైపు వచ్చేవాళ్లకు మాత్రం ఇది అంతగా పనికిరాదు. వాళ్ల లెక్కలు వేరు.

## 1. స్టేజీ డబ్బును లెక్కలో వేసుకోవద్దు

ఒక ఉదాహరణ చూడండి. వంద సీట్ల హాలు, టికెట్ రూ.200. డెబ్బై మంది వచ్చారు, అంటే రూ.14,000. అందులోంచి హాలు అద్దె, లైట్లు, సెట్టు, ప్రాపర్టీలు (స్టేజీ మీద వాడే సామాన్లు), పోస్టర్లు, ఆన్‌లైన్ టికెట్ల కమీషన్ తీసేయండి. మిగిలింది పది మంది పంచుకోవాలి. నెలన్నర పాటు రిహార్సల్స్‌కి తిరిగిన ఛార్జీలు కూడా రావు. ఎవరో మోసం చేశారని కాదు, ఆ లెక్కే అంత.

పరిషత్తు పోటీల్లోనూ (నాటక సమాజాలు పోటీపడే ఉత్సవాలు) అంతే. బహుమతి డబ్బు నాటక సమాజానికి వెళ్తుంది, అది సెట్టుకూ వ్యాన్ కిరాయికీ సరిపోతే గొప్ప. అక్కడ వేసే మగవాళ్లలో చాలామంది ఉద్యోగస్తులో, రిటైరైనవాళ్లో. నటీమణులకు మాత్రం ప్రదర్శనకు ఇంత అని ఇవ్వడం ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి అమ్మాయిలు మొదటి రోజే ఆ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు. పద్యం పాడగలిగినవాళ్లకు పద్య నాటకాల్లో రాత్రికి ఇంత అని ముడుతుంది. కానీ అది జాతరలు, ఉత్సవాల సీజన్‌ను బట్టి ఉంటుంది.

అందుకని మొదటి రెండు మూడేళ్లు స్టేజీ మీద వచ్చింది వచ్చినట్టు పక్కన పెట్టండి. అద్దె, తిండి వేరే పని మీద నడవాలి. ఇక నాటకం మీ నుంచి అడిగేది సాయంత్రాలు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ప్రదర్శన దగ్గర పడితే ఇంకా ఎక్కువ. ఆ మూడు గంటలను మింగేయని సంపాదన వెతుక్కోవాలి. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

## 2. ఫైనల్ ఇయర్‌లోనే సర్దుకోవాల్సినవి

కాలేజీ అయిపోయాక మొదలుపెడితే మొదటి మూడు నెలలు వీటికే పోతాయి.

- పాన్ కార్డు, మీ పేరు మీదే బ్యాంకు ఖాతా, యూపీఐ. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటే పేమెంట్లు ఆగుతాయి.
- ప్రొవిజనల్, మార్కుల మెమోల స్కాన్ కాపీలు. ఒరిజినల్స్ ఏ కంపెనీకీ డిపాజిట్‌గా ఇవ్వొద్దు.
- టూవీలర్ లైసెన్సు. బండి లేకపోయినా తీసుకోండి.
- కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు. లేకపోతే మొదటి ఏడాది ఊళ్లోనే ఉండి కూడబెట్టుకోండి. అప్పు చేసి హైదరాబాద్ వస్తే మొదటి నెలలోనే దొరికిన నైట్ షిఫ్టుకు తలొగ్గాల్సి వస్తుంది.
- కాలేజీలో వేసిన నాటకాల బ్రోచర్లు, సర్టిఫికెట్లు, ఫొటోలు ఒక ఫోల్డర్‌లో. ఎందుకో 8వ అంకెలో చెబుతాను.
- ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. రాత్రిపూట బండి మీద తిరిగేవాళ్లకు అవసరం. బ్యాంకు యాప్‌లోనే తీసుకోవచ్చు.

## 3. గది, తిండి, ప్రయాణం: ముందు ఇవి తేల్చండి

నెల ఖర్చు రాసుకోకుండా జీతం ఎంత కావాలో ఎవరూ చెప్పలేరు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు షేరింగ్ హాస్టల్‌లో ఉండే ఒకరి లెక్క ఇలా ఉందనుకుందాం:

- హాస్టల్, తిండితో కలిపి: 7,000
- ప్రయాణం: 1,500
- ఫోన్: 400
- బయటి తిండి, టీలు: 2,000
- నాటకాల టికెట్లు, స్క్రిప్టు జిరాక్సులు: 1,000
- బట్టలు, మందులు: 1,000
- పొదుపు: 2,000

మొత్తం రూ.14,900. మీ అంకెలు మారొచ్చు. పొదుపు వరుస మాత్రం కొట్టేయకండి. పేమెంట్ ఆలస్యమైన నెలలో ఆదుకునేది అదే.

ఇందులో చిల్లు పడేది బయటి తిండి దగ్గర. రిహార్సల్ తొమ్మిదిన్నరకు అయిపోతుంది. హాస్టల్‌కి వచ్చేసరికి పది దాటుతుంది, మెస్ గిన్నెలు కడిగేసి ఉంటాయి. హాస్టల్‌లో తిండికి డబ్బు కట్టి, రోజూ రాత్రి బండి దగ్గర ఎగ్ రైస్‌కి మళ్లీ కడతారు. నెల తిరిగేసరికి ఆ ఎగ్ రైసే రెండు వేలు మింగేస్తుంది. చేరే రోజే వార్డెన్‌ని గానీ వంటామెను గానీ అడగండి: "అక్కా, నేను రోజూ పదింటికి వస్తాను, నా ప్లేట్ మూతపెట్టి ఉంచుతారా?" కుదరదంటే తిండి లేకుండా గది మాత్రమే ఇచ్చే చోటు చూసుకుని రైస్ కుక్కర్ కొనుక్కోండి. అదే చవక.

అమ్మాయిలకు దీనికంటే ముందు అడగాల్సింది గేటు టైం. చాలా లేడీస్ హాస్టళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకో పదికో తాళం పడుతుంది. "అప్పుడప్పుడు లేటవుతుంది" అంటే చాలదు. "రోజూ పదిన్నర అవుతుంది, షో రోజుల్లో పదకొండున్నర" అని అంకె చెప్పి ఒప్పించుకోండి. ఒప్పుకోకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకోవడమే మేలు.

ఎక్కడ ఉండాలి? ముందు నాటకాలు ఆడే చోట్లు చూడండి. రవీంద్రభారతి లక్డీకాపూల్, అసెంబ్లీ మెట్రో స్టేషన్ల దగ్గర. త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో. సుందరయ్య విజ్ఞాన కేంద్రం బాగ్‌లింగంపల్లిలో. లామకాన్ బంజారాహిల్స్‌లో. రంగభూమి స్పేసెస్ గచ్చిబౌలి వైపు. ఇవి ఊరంతా చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి ఏదో ఒకదాని పక్కన ఇల్లు చూసుకుని లాభం లేదు. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట చుట్టుపక్కల ఉంటే ఎటు వెళ్లినా సులువు. చివరి మెట్రో ఎన్నింటికో మీ స్టేషన్‌లో చూసి రాసుకోండి, రిహార్సల్ ఆ టైంకి ముందు వదిలేలా డైరెక్టర్‌తో మొదటి రోజే చెప్పండి.

తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న అమ్మాయిలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడబోతుంటే ఆధార్ చిరునామా మార్పించుకోండి. పైన రాసిన ప్రయాణ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

కృష్ణానగర్‌లో గదులు చవకేనని చాలామంది అక్కడికే వెళ్తారు. వెళ్లొచ్చు. కానీ అక్కడ టీ కొట్టు దగ్గర మాటలన్నీ సినిమా ఛాన్సుల గురించే. నాటకం రిహార్సల్ మానేసి ఆడిషన్ క్యూలో నిలబడాలనిపించడానికి పెద్దగా టైం పట్టదు.

## 4. కడుపు నింపే ఉద్యోగం: టైం చూసి ఎంచుకోండి

జీతం కంటే ముందు షిఫ్టు చూడాలి. ఐదు వేలు ఎక్కువిచ్చి సాయంత్రం పట్టుకెళ్లే ఉద్యోగం మీకు నష్టమే.

పొద్దున పని. నాకు అన్నిటికంటే నచ్చేది అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగో, లెక్కలో చెప్పడం. అక్కడి సాయంత్రం మనకు తెల్లవారుజాము. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా క్లాసులు, ఆ తర్వాత రోజంతా మీదే. నాటకాల్లో ఉన్నవాళ్లకు కథ చెప్పి కూర్చోబెట్టడం తెలుసు, పిల్లలు మధ్యలో మానేయరు. రెండు విషయాలు గుర్తుంచుకోండి. అక్కడి సోమవారం సాయంత్రం ఇక్కడ మంగళవారం పొద్దు, కాబట్టి క్లాసులు మనకు మంగళవారం మొదలై శనివారం దాకా ఉంటాయి. నవంబరులో అక్కడ గడియారం మార్చగానే మీ క్లాసు గంట ఆలస్యంగా మొదలవుతుంది, మార్చిలో మళ్లీ గంట ముందుకొస్తుంది. తొమ్మిదింటికి ఇంకో పని పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

పగటి పని. స్కూల్లో చేరడం, ఆఫీసు డే షిఫ్టు, కంటెంట్ రాయడం, సబ్‌టైటిల్స్, అనువాదం. ఐదున్నరకు వదలాలి, రిహార్సల్ చోటుకు గంటలోపు చేరగలగాలి. హైటెక్ సిటీలో ఆరింటికి వదిలితే చిక్కడపల్లికి ఏడున్నర. ఆ దూరం కూడా లెక్కలోకే వస్తుంది.

వద్దనేవి. అమెరికా షిఫ్టు బీపీఓ, శని ఆదివారాల్లో టార్గెట్లుండే సేల్స్, ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో ఫుల్‌టైం. చివరిది నాటకానికి దగ్గరగా కనిపిస్తుంది గానీ, మీ షో ఉన్న రోజే వాళ్ల పెళ్లి ఈవెంటూ ఉంటుంది.

బైక్ టాక్సీ, డెలివరీ లాంటివి ఖాళీ నెలల్లో ఆదుకుంటాయి. రోజూ వాటి మీదే బతకాలంటే సాయంత్రం రద్దీ గంటల్లోనే డబ్బులు. అవే మన రిహార్సల్ గంటలు.

బ్యాంకు, గ్రూప్స్, టీచరు ఉద్యోగాల మాట ఎత్తితే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. తెలుగు నాటకాన్ని ఇన్నాళ్లు మోసినవాళ్లలో సగం మంది పగలు ఏదో ఆఫీసులో సంతకం పెట్టి సాయంత్రం రంగు పూసుకున్నవాళ్లే. ఉద్యోగం వస్తే వదులుకోకండి.

ఇంటర్వ్యూలో అడిగి తేల్చుకోవాల్సినవి:

- షిఫ్టు రొటేషన్ ఉందా? "ప్రస్తుతానికి లేదు" అంటే ఉందనే అర్థం.
- నెలలో ఏ రోజులు సెలవు దొరకవు?
- మానేయాలంటే నోటీసు ఎన్ని నెలలు? బాండ్ ఉందా?
- బయట చిన్న పనులు చేసుకోవడానికి అభ్యంతరమా?

నాటకాల సంగతి చెప్పాలా వద్దా? చెప్పండి, ఒక్క వాక్యంలో. "సాయంత్రాలు నాటకం రిహార్సల్ ఉంటుంది, డ్యూటీకి అడ్డం రాదు" అంటే చాలు. చెప్పకుండా చేరి షో రోజున జ్వరమని సెలవు పెడితే, స్టేజీ మీది ఫొటో మర్నాడు ఫేస్‌బుక్‌లో మీ మేనేజరుకే కనబడుతుంది.

## 5. నాటకం నేర్పిన విద్యతో వచ్చే డబ్బు

మొదటి ఉద్యోగం కుదురుకున్నాక, నాలుగైదు నెలలకు వీటిలో ఒకటి మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి వద్దు.

### 5.1 గొంతు: డబ్బింగ్, ఆడియో కథలు, ప్రకటనలు

ముందు శాంపిల్ తయారు చేసుకోవాలి. రెండు నిమిషాలు దాటొద్దు. నాలుగు ముక్కలు: వార్త, కథ, ఇరవై సెకన్ల ప్రకటన, ఉద్వేగంతో ఒక సంభాషణ. వెనుక సంగీతం వేయొద్దు. వినేవాళ్లకు మీ గొంతు కావాలి.

స్టూడియో అక్కర్లేదు. హాస్టల్ గదిలో ఫ్యాన్ ఆపండి, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి, తల మీంచి దుప్పటి కప్పుకోండి. ఫోన్‌ను నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, జానెడు దూరంలో పెడితే "ప", "బ", "ఫ" దగ్గర గాలి కొట్టదు. చెమట పడుతుంది. రెండు నిమిషాలే కదా, ఓర్చుకోండి.

తిరస్కరించడానికి మామూలుగా కనిపించే కారణాలు ఇవి: "ల", "ళ" ఒకటే అయిపోవడం, "శ", "ష", "స" తేడా తెలియకపోవడం, ఒత్తులు మింగేయడం, వాక్యం చివర గొంతు జారిపోవడం. రోజూ పత్రికలో సంపాదకీయం బిగ్గరగా చదివి రికార్డు చేసుకుని వింటే రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. మీ యాసను చెరిపేసుకోకండి. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు సహజంగా మాట్లాడేవాళ్ల కోసం ఇప్పుడు వెతుకుతున్నారు. ప్రామాణిక ఉచ్చారణ ఒకటి, మీ ఊరి యాస ఒకటి, రెండు శాంపిళ్లు ఉంచుకోండి.

ఆకాశవాణిని మరిచిపోవద్దు. నాటక విభాగానికి ఆడిషన్ పెట్టి గ్రేడ్ ఇస్తారు, ఆ గ్రేడును బట్టి పారితోషికం. క్యాజువల్ అనౌన్సర్లను కూడా తీసుకుంటుంటారు. మీకు దగ్గరి కేంద్రానికి వెళ్లి తర్వాతి ఆడిషన్ ఎప్పుడో అడగండి. డబ్బు పెద్దగా రాకపోయినా మైక్ ముందు ఎలా నిలబడాలో అక్కడ నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేరు.

### 5.2 స్కూళ్లు

వార్షికోత్సవాలు ఎక్కువగా డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలో. మాట్లాడుకోవాల్సింది సెప్టెంబరు, అక్టోబరుల్లో. నవంబరులో వెళ్తే అప్పటికే డ్యాన్స్ మాస్టరుకు అన్నీ అప్పగించేసి ఉంటారు.

ప్రిన్సిపాల్ దగ్గరికి ఒకే పేజీ తీసుకెళ్లండి. ఎన్ని క్లాసులు, ఎంతమంది పిల్లలు, చివర ఏం చూపిస్తారు, ఎంత తీసుకుంటారు. ఉదాహరణకు: "నలభై అయిదు నిమిషాల క్లాసులు పది, ముప్పై మంది పిల్లలు, చివర పదిహేను నిమిషాల నాటిక." నటన గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. తల్లిదండ్రులు వీడియో తీసుకునేంత చక్కగా పిల్లలు కనబడతారన్న నమ్మకం కలిగితే పని అయినట్టే.

అందరికీ మాట ఉండేలా స్క్రిప్టు రాయండి. ముప్పై మందిలో ఇరవై మందిని చెట్లుగా నిలబెడితే వచ్చే ఏడాది మిమ్మల్ని పిలవరు. క్లాసులో స్కూలు టీచరు ఒకరు ఉండాలని ముందే అడగండి. పిల్లల్లో ఎవరితోనూ ఒంటరిగా గదిలో ఉండొద్దు. ఇది పిల్లల భద్రత కోసం, మీ భద్రత కోసం కూడా.

### 5.3 సీరియళ్లు, చిన్న వేషాలు

రోజుకు ఇంత అని మాట్లాడతారు. చేతికి రావడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలు. పొద్దున ఏడింటికి పిలిస్తే రాత్రి తొమ్మిది దాకా వదలరు, అంటే ఆ రోజు రిహార్సల్ పోయినట్టే. షోకి పది రోజుల ముందు నుంచి కాల్‌షీట్ (షూటింగ్ తేదీ) ఒప్పుకోకండి. "కంటిన్యుటీ ఉంది, రేపు కూడా రావాలి" అనడం వాళ్లకు మామూలు మాట.

అవకాశం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, కార్డు ఫీజు అంటూ ఎవరు డబ్బు అడిగినా లేచి వచ్చేయండి. పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి. ఆడిషన్‌కు వెళ్లేటప్పుడు లొకేషన్ ఒక స్నేహితురాలికో స్నేహితుడికో పంపండి. ఆఫీసు కాకుండా హోటల్ గదికో ఫ్లాటుకో రమ్మంటే వెళ్లొద్దు.

### 5.4 కళాజాతలు, అవగాహన ప్రదర్శనలు

ఆరోగ్యం, ఓటు, రోడ్డు భద్రత లాంటి అంశాల మీద ప్రభుత్వ శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ వీధి నాటకాలు వేయిస్తాయి. కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ బ్యూరో దగ్గర నమోదైన బృందాలు ఉంటాయి. మీరు అలాంటి బృందంలో చేరాలి. రోజుకు రెండు మూడు ఊళ్లు, ఎండలో, మైకు లేకుండా. గొంతు పోకుండా కాపాడుకోవడం నేర్చుకునేదీ ఇక్కడే. బిల్లులు ఆలస్యమవుతాయి కాబట్టి భోజనం, ప్రయాణం ఏ రోజుకారోజు బృందమే పెట్టుకుంటుందా అని అడిగి వెళ్లండి.

## 6. నాటక బృందంలోకి వెళ్లే వరుస

1. రెండు నెలలు చూడండి. వారానికి ఒక నాటకమైనా. ఎవరి పని మీకు నచ్చుతోందో తెలుస్తుంది.
2. నచ్చిన బృందానికి ఫోన్ చేసి "వేషం ఉందా" అనకండి. "తర్వాతి నాటకానికి వెనుక పనికి రావచ్చా అండీ" అనండి. వద్దనేవాళ్లు ఉండరు.
3. లైట్లు ఆపరేట్ చేయడమో, సౌండో, స్టేజీ మేనేజ్‌మెంటో ఒకటి గట్టిగా నేర్చుకోండి. చిన్న బృందాల్లో నటులు దొరుకుతారు, క్యూ (లైటు వేయాల్సిన క్షణం) తప్పకుండా లైటు వేసేవాళ్లు దొరకరు. నటనకంటే ముందు డబ్బు వచ్చేది కూడా దీనికే.
4. ప్రాంప్టింగ్ (తెర పక్క నుంచి డైలాగులు అందించడం) ఒప్పుకోండి. నాటకం మొత్తం నోటికి వస్తుంది. ఎవరైనా రాలేకపోతే ఆ వేషం మీ దగ్గరికే వస్తుంది.
5. ఒకేసారి ఒకే నాటకం. రెండు బృందాల్లో మాట ఇచ్చి ఒకచోట ఎగ్గొడితే, ఈ ఊళ్లో నాటకాల వాళ్లంతా ఒకరికొకరు తెలుసు.

చేరే ముందు అడగాల్సినవి: వారానికి ఎన్ని రోజులు రిహార్సల్, షోలు ఎప్పుడు, బయటి ఊళ్లకు వెళ్తే ప్రయాణం ఎవరిది, టికెట్లు అమ్మాల్సిన బాధ్యత నటుల మీద ఉందా. చివరిది ముఖ్యం. అమ్ముడుపోని టికెట్ల డబ్బు నటులే కట్టుకోవాలనే బృందానికి దూరంగా ఉండండి.

గుంటూరు, తెనాలి వైపు ఉంటే పరిషత్తు నాటికల సమాజాలు వెతుక్కోండి. అక్కడ ఊళ్లు తిరగడం ఎక్కువ, ప్రదర్శన అయ్యేసరికి అర్ధరాత్రి దాటొచ్చు. మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉన్నవాళ్లు ముందే సెలవు రాసుకోవాలి.

## 7. డబ్బు మాట్లాడటం, రాబట్టుకోవడం

మొహమాటం వల్ల పోయే డబ్బు చాలా ఎక్కువ. నోటిమాటగా ఒప్పుకున్న ప్రతి పనీ ఆ రోజే వాట్సాప్‌లో రాసి పంపండి. ఇలా:

"నమస్తే అండీ. వాయిస్ ఓవర్ పని ఒప్పుకుంటున్నాను. స్క్రిప్టు 6 నిమిషాలు. ఒకసారి దిద్దుబాటు ఉచితం, తర్వాత అదనం. మొత్తం రూ.3,000. సగం అడ్వాన్సు, మిగతాది ఫైలు ఇచ్చిన 15 రోజుల్లోపు. ఈ రికార్డింగు ఈ వీడియోకు మాత్రమే, ఏఐ గొంతు తయారీకి వాడకూడదు. సరేనని ఒక్క మాట రిప్లై ఇస్తే మొదలుపెడతాను."

ఆ ఏఐ వాక్యం తీసేయకండి. ఒక్కసారి గొంతు ఇచ్చి, తర్వాత మీ గొంతుతోనే మీకు పోటీ తెచ్చుకోవద్దు.

గడువు దాటితే నిష్ఠూరంగా రాయొద్దు, బతిమాలొద్దు. "సార్, 15వ తేదీకి రావాల్సిన రూ.1,500 ఇంకా అందలేదు. ఏ రోజు వేస్తారో చెబితే రాసుకుంటాను." తేదీ అడగడమే కిటుకు. "చూద్దాం", "వచ్చే వారం" అనేది తేదీ కాదు. రెండు తేదీలు తప్పినవాళ్లకు మూడో పని పూర్తి అడ్వాన్సు మీదే.

కంపెనీలు ఇచ్చేటప్పుడు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తుంటాయి. పోయిందనుకుని వదిలేయకండి. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఏడాది ఆదాయం మీద పన్ను పడకపోతే రిటర్న్ వేయగానే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. రిటర్న్‌లు ఉంటే రేపు బండి లోన్‌కు వెళ్లినా పనికొస్తాయి.

ఒక నోటుబుక్కు పెట్టండి, ఐదు గళ్లు చాలు: పని, ఎవరు, ఎంత, ఎప్పటికి ఇవ్వాలి, వచ్చిందా. ప్రతి ఆదివారం పొద్దున దాన్ని తెరిచి, రానివాళ్లకు మెసేజ్ పెట్టి, ఆ తర్వాతే టిఫిన్.

## 8. స్కాలర్‌షిప్పులు, చదువు: ఎవరికి పనికొస్తాయి?

యువ కళాకారుల స్కాలర్‌షిప్. కేంద్ర సాంస్కృతిక శాఖది. వయసు 18 నుంచి 25. నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు. ఐదేళ్లు గురువు దగ్గరో సంస్థలోనో శిక్షణ ఉండాలి. డిగ్రీలో నాటకం మొదలుపెట్టినవాళ్లకు ఇది కుదరదు. సురభి లాంటి నాటక కుటుంబాల పిల్లలు, చిన్నప్పటి నుంచి హరికథో యక్షగానమో నేర్చుకున్నవాళ్లు మాత్రం తప్పక చూడాలి.

థియేటర్ పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. చదువుతో పాటు రెండేళ్ల హాస్టలూ, రిహార్సల్ చోటూ దొరుకుతాయి. పీజీ తర్వాత యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష)లో నాటకరంగం సబ్జెక్టు ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీలో చేరితే నెలకు రూ.37,000 ఫెలోషిప్. చదివే ఓపిక ఉన్నవాళ్లకు ఇంత స్థిరమైన దారి ఇంకొకటి లేదు.

ఎన్ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా). మూడేళ్ల కోర్సు, ఢిల్లీలో. డిగ్రీతో పాటు కనీసం 6 నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. బ్రోచర్లు, సర్టిఫికెట్లు దాచుకోమన్నది అందుకే. హిందీ మాట్లాడలేనివాళ్లు దరఖాస్తుకు ఏడాది ముందు నుంచే సాధన చేయాలి.

దరఖాస్తు గడువులు ఏటా మారుతుంటాయి, ఆయా వెబ్‌సైట్లలో చూసుకోండి.

## 9. ఇంట్లో చెప్పడం

"నాటకం నా ప్రాణం" అంటే నాన్న గుండెల్లో రాయి పడుతుంది. ఆయన భయం నాటకం గురించి కాదు, మీరు ఇరవై ఎనిమిదేళ్లకు కూడా చేయి చాస్తారేమోనని. అందుకే అంకెలతో వెళ్లండి. "నాన్నా, నెలకు నాకు పదిహేను వేలు అవుతుంది. పదహారు వేల ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు నాటకం. రెండేళ్లు చూడండి, మిమ్మల్ని డబ్బు అడగను."

ఆ తర్వాత అడక్కండి. మొదటి ఏడాది ఒక్క పండక్కయినా అమ్మకు చీర మీ డబ్బుతో కొనండి. వాళ్లను ఒక షోకి పిలవండి. అయితే మంచి వేషం ఉన్నప్పుడే. సైనికుడిగా బల్లెం పట్టుకుని నిలబడిన నాటకానికి రాత్రంతా బస్సులో రప్పించొద్దు.

## 10. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

షో రోజున ఆఫీసు సెలవు ఇవ్వలేదు. షో తేదీ ఖరారైన రోజే సెలవు పెట్టండి. ఆఖరి వారంలో అడిగితే ఎవరూ ఇవ్వరు. పండుగల డ్యూటీ మీరు ముందుకొచ్చి చేస్తే, షో రోజు మీ డ్యూటీ చూసే సహోద్యోగి ఒకరు దొరుకుతారు.

అలసటతో డైలాగులు ఎక్కట్లేదు. మీ డైలాగులతో పాటు ఎదుటివాళ్లవి కూడా ఫోన్‌లో రికార్డు చేసుకుని, మీవి వచ్చే చోట ఖాళీ వదలండి. బస్సులో వింటూ ఆ ఖాళీలో పెదాలు కదిపితే చాలు.

మూడు నెలలుగా వేషం రాలేదు. రాకపోనివ్వండి. ఆ సాయంత్రాలను ఓవర్‌టైమ్‌కి అమ్మేయకుండా లైటింగో, పద్యమో నేర్చుకోండి. ఒకసారి అమ్మిన సాయంత్రం వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

సైడు పని పెరిగి నాటకమే తగ్గింది. డబ్బింగ్ కుదిరినవాళ్లకు ఇది ఎక్కువ. ఏడాదికి కనీసం రెండు నాటకాలని రాసుకోండి. ఆ తేదీలకు పని ఒప్పుకోవద్దు. ఇక డబ్బింగే నచ్చిందంటే, అదీ మంచి వృత్తే. మొహమాటం లేకుండా అటు వెళ్లిపోండి.

గొంతు పోయింది. రెండు రోజులు మాట్లాడకండి, గుసగుసగా కూడా వద్దు. వారం దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లవంగాల మీద భారం వేయొద్దు.

## 11. ఉద్యోగం ఎప్పుడు మానొచ్చు?

ఒక మంచి నెల చూసి రాజీనామా చేసేవాళ్లే ఎక్కువ. ఈ నాలుగూ ఉంటేనే ఆలోచించండి:

- గత పన్నెండు నెలల్లో కనీసం తొమ్మిది నెలలు, ఉద్యోగం కాకుండా వచ్చిన డబ్బే మీ నెల ఖర్చును దాటింది.
- ఆ డబ్బు ఇద్దరు ముగ్గురు వేరు వేరు మనుషుల నుంచి వచ్చింది. ఒకే స్టూడియో నుంచి వస్తుంటే అది ఇంకో ఉద్యోగమే, నోటీసు లేకుండా పోయే ఉద్యోగం.
- ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంది.
- ఉద్యోగం వల్ల వదులుకున్న పనులు నోటుబుక్కులో పేర్లతో సహా ఉన్నాయి.

మానే ముందు పార్ట్‌టైమ్ ఇస్తారా అని ఒకసారి అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు. లేదంటే నోటీసు పూర్తిచేసి, రిలీవింగ్ లెటరు తీసుకుని, పీఎఫ్ ముట్టుకోకుండా యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు జాగ్రత్త చేసుకోండి.

నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్‌లో మానితే మే నెల సమ్మర్ క్యాంపులతో గడుస్తుంది, ఆ తర్వాత జూన్, జులై, ఆగస్టు ఎండిపోతాయి. స్కూళ్లు అప్పుడే తెరుచుకుని ఫీజుల గొడవలో ఉంటాయి, వానలకు ఈవెంట్లు తగ్గుతాయి. అక్టోబరులో బయటికొస్తే వార్షికోత్సవాల పని ఎదురుగా ఉంటుంది. నోటీసు రెండు నెలలైతే ఆగస్టు మొదట్లోనే కాగితం పెట్టండి. సెప్టెంబరులో స్కూళ్ల చుట్టూ తిరగడానికి మిగిలిన సెలవులు వాడుకోవచ్చు.